యాభై దాటిన ఆడవాళ్ల 5కె: జెండా ఊపితే సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం.

చలి మొదలైందంటే మన జిల్లాల్లో 5కె రన్, అంటే ఐదు కిలోమీటర్ల పరుగు పోస్టర్లు కనిపిస్తాయి. అక్టోబరు 31న ఏక్తా దివస్ పేరుతో, నవంబరు 14న మధుమేహ దినం పేరుతో, ఫిబ్రవరి 4న క్యాన్సర్ దినం పేరుతో, మార్చి 8న మహిళా దినోత్సవం పేరుతో నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో, కాకుంటే సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లోనో ఎవరో ఒకరు విరాళాల కోసం పరుగు పెడతారు. వీటికి ఇప్పుడు యాభై, అరవై దాటిన ఆడవాళ్లు కూడా పేరు రాయించుకుంటున్నారు. చాలా మంచి మార్పు. అయితే నిర్వాహకులు వాళ్లను జెండా ఊపేటప్పుడు ముందు వరుసలో నిలబెట్టి ఫొటో తీయించుకుంటారు తప్ప పరుగు తీసేవాళ్లుగా లెక్కలోకి తీసుకోవడం లేదు. వచ్చేవాళ్లలోనూ కొందరు ఒక్కరోజైనా సాధన లేకుండా టీ షర్టు వేసుకొని నేరుగా రోడ్డెక్కుతున్నారు. రెండు వైపులా సరిచేసుకోవాల్సినవి ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందుగా "ఈ వయసులో పరుగేంది" అనేవాళ్లకు ఒక మాట. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు పెట్టి, వాళ్ల ఒంటికి అది పడదని తీసేశారు. మళ్లీ 1960 దాకా పెట్టలేదు. ఆడవాళ్ల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. ఆ భయాలు ఎంత ఉత్తవో తర్వాత లోకమంతా చూసింది. చండీగఢ్‌కు చెందిన మన్ కౌర్ 93 ఏళ్లకు పరుగు మొదలుపెట్టి, 2017లో ఆక్లాండ్‌లో జరిగిన ప్రపంచ మాస్టర్స్ క్రీడల్లో 101 ఏళ్ల వయసులో 100 మీటర్ల స్వర్ణం గెలిచారు. వయసు అడ్డు కాదు. సాధన లేకుండా దిగడమే అడ్డు.

పేరు రాయించుకునే ముందే చేయించుకోవాల్సిన పరీక్షలు పెద్ద ఖర్చేమీ కావు. బీపీ, షుగరు, హిమోగ్లోబిన్, ఈసీజీ. ఛాతీలో బరువు, మెట్లెక్కితే ఆయాసం, ఇంట్లో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవాళ్లు ఉంటే డాక్టరు సలహాతో ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకోవాలి. ఎందుకంటే కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన పరుగులో గుండెకు రక్తం సరిపోతుందని చెప్పలేం. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే ముందు దాన్ని పెంచుకోవాలి. రక్తం తక్కువున్నవాళ్లకు ఎంత సాధన చేసినా దమ్ము నిలవదు, "నాతోని కాదు" అనుకొని మానేస్తారు. బీపీ 180/110 దాటి ఉంటే అది అదుపులోకి వచ్చేదాకా పరుగు మాటే వద్దు. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు ఎంత కష్టపడ్డా గుండె వేగం పెద్దగా పెరగదు. అందుకని చేతి గడియారం చూపించే అంకెను నమ్ముకోవద్దు. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే కొలత. బీపీకి నీరు పోయే మాత్ర వాడేవాళ్లు పరుగు రోజు అది ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును అడగాలి. సొంతంగా మానేయడం చాలా ప్రమాదం. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవాళ్లు బయల్దేరే ముందు గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. 100 లోపు ఉంటే ఏదైనా తిని బయల్దేరాలి. 250 దాటి ఒంట్లో నలతగా ఉంటే ఆ రోజు ఇంట్లో ఉండాలి. నడుము సంచీలో మూడు చెంచాల గ్లూకోజు పొడి పొట్లం ఉండాలి. వణుకు, చెమట, కళ్లు తిరగడం మొదలైతే ఆగి, అది నోట్లో వేసుకొని, 15 నిమిషాలు కూర్చుని మళ్లీ పరీక్ష చేసుకోవాలి. షుగరున్నవాళ్లు ఒంటరిగా సాధనకు పోకపోవడమే మేలు.

మన నల్లగొండ వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఫ్లోరైడ్ సంగతి. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఊళ్లలో పుట్టి పెరిగి, మిషన్ భగీరథ నల్లా రాకముందు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగినవాళ్లు ఇప్పుడు యాభైలు, అరవైల్లో ఉన్నారు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నిబంధన. అంతకు మించిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే మెడ, నడుము, తుంటి కీళ్ల దగ్గర ఎముకలను పట్టి ఉంచే బంధాలు గట్టిపడతాయి. ఇంట్లోనే మూడు పనులు చేసి చూడొచ్చు: మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు ముట్టడం, గదవను ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ పక్కలకు చాపి మోచేతులు మడిచి తల వెనక్కి చేర్చడం. ఇవి చేయలేకపోతే ఎముకల డాక్టరుకు చూపించుకోకుండా పరుగు మొదలుపెట్టొద్దు. ఇంకొక చిక్కు ఉంది. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ల ఎముక స్కానింగులో దిట్టంగా కనిపిస్తుంది, కానీ లోపల పెళుసుగా ఉంటుంది. "ఎముకలు గట్టిగున్నయి" అన్న ఒక్క రిపోర్టు పట్టుకొని సిమెంటు రోడ్డు మీద పరుగెత్తితే విరిగే అవకాశం ఉంటుంది. ఇట్లాంటివాళ్లు 5కెలో వేగంగా నడిచి పూర్తి చేయొచ్చు. అది కూడా పూర్తి చేయడమే.

ఇక సాధన. నడక అలవాటు మాత్రమే ఉన్న మనిషి 5 కిలోమీటర్లకు సిద్ధం కావడానికి 12 వారాలు పెట్టుకోవాలి. మొదటి మూడు వారాలు వారానికి నాలుగు రోజులు, రోజుకు 30 నిమిషాల చురుకైన నడక. నాలుగో వారం నుంచి ఆరో వారం దాకా ఒక నిమిషం మెల్లగా పరుగు, మూడు నిమిషాలు నడక, ఇట్లా ఏడుసార్లు. వారానికి మూడు రోజులే, మధ్యలో ఒక రోజు విడిచి. ఏడు నుంచి తొమ్మిదో వారం దాకా రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, ఎనిమిదిసార్లు. పది, పదకొండు వారాల్లో నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, ఆరుసార్లు. చివరి వారం సగానికి తగ్గించాలి, పరుగుకు ముందు రెండు రోజులు నడక తప్ప ఏమీ వద్దు. ఏ వారమైనా కష్టంగా అనిపిస్తే అదే వారం మళ్లీ చేయాలి గానీ ముందుకు దూకొద్దు. దమ్ము నెలలోనే పెరుగుతుంది. పిక్క నరాలు, మోకాలి చుట్టూ ఉండే బంధాలు బలపడటానికి మూడు నెలలు పడుతుంది. దెబ్బలు తగిలేదంతా ఆ మధ్య కాలంలోనే. అడుగు చిన్నదిగా వేయాలి. పాదం ఒంటి కింద పడాలి, ముందుకు చాచి మడమ గుద్దితే ఆ దెబ్బ నేరుగా మోకాలికి పోతుంది. సాధనకు మట్టి నేల మేలు. నల్లగొండలో ఎన్‌జీ కాలేజీ మైదానం, మహబూబ్‌నగర్‌లో స్టేడియం లాంటి చోట్లు ఉండనే ఉన్నాయి. పరుగు ఎలాగూ రోడ్డు మీదే కాబట్టి చివరి నాలుగు వారాల్లో వారానికి ఒకరోజు తారు రోడ్డు మీద చేయాలి.

పొలం పని చేసిన చేతులకు, నడుముకు బలం ఉంటుంది. నాట్లు వేసినవాళ్లు, పత్తి ఏరినవాళ్లు పట్నంలో కూర్చుని పనిచేసేవాళ్ల కంటే ఓర్పున్నవాళ్లే. అయినా పరుగుకు కావాల్సిన పిక్కల బలం, ఒంటికాలి మీద నిలబడే నిలకడ వేరే సంగతి. వారానికి రెండు రోజులు పావుగంట చాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, రెండు విడతలు. గోడ పట్టుకొని మునివేళ్ల మీద లేచి మెల్లగా దిగడం, పన్నెండుసార్లు. ఒక్కో కాలి మీద అరనిమిషం నిలబడటం. ముట్లు ఆగిన తర్వాత ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక పలచబడుతుంది, కండ కూడా తరుగుతుంది. ఈ కసరత్తులు లేకుండా పరుగు ఒక్కటే చేస్తే మోకాలు నొప్పితో మధ్యలో మానుకోవాల్సి వస్తుంది.

ఎవరూ బయటికి చెప్పని బాధ ఒకటి ఉంది: పరుగెత్తితే, దగ్గితే మూత్రం చుక్కలు పడటం. కాన్పులు అయినవాళ్లలో, ముట్లు ఆగినవాళ్లలో ఇది మామూలే. దీనికి భయపడి ఎంతోమంది పరుగు మానేస్తున్నారు, లేదంటే ముందురోజు నుంచి నీళ్లు తాగడం మానేస్తున్నారు. రెండూ తప్పే. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగుసుకునే కండరాన్ని ఐదు లెక్కపెట్టేదాకా బిగించి, అంతసేపు వదలాలి. ఒక విడతకు పదిసార్లు, రోజుకు మూడు విడతలు. ఊపిరి బిగబట్టొద్దు, పొట్ట బిగించొద్దు. రెండు మూడు నెలలు పట్టుదలగా చేస్తే చాలామందికి తేడా తెలుస్తుంది. తగ్గకపోయినా, కింద బరువుగా జారినట్టు అనిపించినా గర్భసంచి జారిందేమో డాక్టరమ్మకు చూపించుకోవాలి. పరుగు రోజు ప్యాడ్ పెట్టుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు.

బూట్లు సాయంత్రం కొనాలి, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు ఇంకొక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. పిల్లల పాత బూట్లు, స్కూలు క్యాన్వాసు బూట్లు, అరిగిన మడమ ఉన్నవి వద్దు. పరుగు రోజున కొత్త బూట్లు మొదటిసారి తొడగొద్దు. వాటితో కనీసం మూడు వారాలు తిరిగి ఉండాలి. మందపాటి నూలు సాక్సు చెమట పట్టి తడిసి బొబ్బలు తెస్తుంది, పలచని సింథటిక్ సాక్సు నయం. మెట్టెల సంగతి ఎవరూ చెప్పరు. బూటు లోపల మెట్టె పక్కవేలికి ఒరుసుకొని రెండో కిలోమీటరుకే తోలు లేస్తుంది. తీయడం ఇష్టంలేని వాళ్లు మెట్టె మీద, పక్కవేలికి మెడికల్ టేపు చుట్టుకోవాలి. మట్టిగాజులు పడ్డప్పుడు పగిలి మణికట్టు కోసుకుంటాయి, ఆ ఒక్క పూట తీసిపెట్టడమే క్షేమం. పుస్తెలతాడు లోపలికి వేసి జాకెట్టుకో కుర్తాకో పిన్నుతో కుట్టుకోవాలి, ఎగిరి మూతికి తగలకుండా ఉంటుంది, తెల్లవారుజామున గొలుసు దొంగల భయమూ తగ్గుతుంది. చున్నీ అడ్డంగా వేసి నడుం దగ్గర ముడి వేయాలి, కొసలు వేలాడితే పక్కవాళ్ల కాళ్లకు చుట్టుకుంటాయి. చీర కట్టినవాళ్లు గోచీ పోసి కట్టి, కుచ్చిళ్లు చీలమండకు నాలుగు వేళ్ల పైకి ఉంచాలి. లోపల బిగుతైన స్పోర్ట్స్ బ్రా లేకపోతే మెడ, భుజాలు లాగేస్తాయి. తొడలు ఒరుసుకునేచోట కొబ్బరినూనె కన్నా వ్యాజిలీన్ ఎక్కువసేపు నిలుస్తుంది.

పరుగుకు ముందురోజు రాత్రి మామూలు తిండే తినాలి, ఎనిమిదింటిలోపు. పరుగు ఉందని సర్వపిండి, బిర్యానీ లాంటి నూనె సరుకు వద్దు. పొద్దున పరుగుకు గంట ముందు ఒక అరటిపండో, అరగ్లాసు రాగి అంబలో చాలు. రెండు జొన్నరొట్టెలు తిని పరుగెత్తితే డొక్క పట్టేస్తుంది. లేవగానే గ్లాసు నీళ్లు, తర్వాత కొంచెం కొంచెం. చలికాలపు 5 కిలోమీటర్లకు దారిలో నాలుగైదు గుక్కలు మించి అక్కర్లేదు. మార్చి దాటాక ఎండ ఉన్నప్పుడు మాత్రం ఓఆర్ఎస్ పనికొస్తుంది. ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారమే, పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో, మొత్తం ప్యాకెట్ కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ కలిపితే ఉప్పు ఎక్కువై వాంతులు అవుతాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చదును చెంచాల చక్కెర, అర చదును చెంచా ఉప్పు. మోకాలి నొప్పికి ముందుజాగ్రత్త అంటూ డైక్లోఫెనాక్ మాత్ర వేసుకొని వచ్చేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ మాత్ర కిడ్నీని, కడుపును దెబ్బతీస్తుంది. నొప్పి తెలియకపోవడం వల్ల దెబ్బ మీద దెబ్బ పడుతుంది. దయచేసి అది మానాలి.

ఇప్పుడు నిర్వాహకులకు. అన్నిటికంటే ముందు టైము. పోస్టరు మీద 6 గంటలని వేసి, ముఖ్య అతిథి వచ్చేసరికి ఏడుంపావు అవుతుంది. జనవరిలో మన దగ్గర పొద్దు పొడిచేది దాదాపు ఆరుముప్పావుకు. కాబట్టి 6 గంటలకు చీకట్లో పరుగు పెట్టడమూ సరికాదు, స్పీడు బ్రేకరు కనపడక పడిపోతారు. శీతాకాలంలో ఆరున్నర అని వేసి ఆరున్నరకే వదలండి. అతిథి రాకపోతే బహుమతుల వేళకు రానివ్వండి. ఐదున్నరకే వచ్చి గంటన్నర నిలబడ్డ అరవై ఏళ్ల మనిషికి తిన్న అరటిపండు అరిగిపోతుంది, కండరాలు చల్లబడిపోతాయి, మూత్రం ఆపుకోలేక అవస్థ పడుతుంది. మరుగుదొడ్లు లేకపోవడమే ఆడవాళ్లు రాకపోవడానికి పెద్ద కారణమని మా గట్టి అభిప్రాయం. యాభై మంది ఆడవాళ్లకు ఒకటి చొప్పున, బకెట్టు, మగ్గు, నీళ్లు, లోపల గడియ, లైటు ఉండేటట్టు చూడాలి. మున్సిపాలిటీ మొబైల్ టాయిలెట్లు అడిగితే ఇస్తుంది. స్టేడియంలోనో పక్క బడిలోనో ఉన్నవాటి తాళంచెవి ముందురోజే తీసుకొని పెట్టుకోవాలి. పొద్దున్నే వాచ్‌మన్ కోసం వెతకడం ప్రతిచోటా జరుగుతున్నదే.

విభాగాలు. "పురుషులు", "మహిళలు" అని రెండే పెడితే మహిళల బహుమతులన్నీ పోలీసు ఉద్యోగానికి సాధన చేస్తున్న ఇరవై ఏళ్ల అమ్మాయిలకు పోతాయి. పోవాల్సిందే, వాళ్లు వేగంగా పరుగెత్తారు. కానీ వయసు పెరిగిన వాళ్లకు వేరే కొలత ఉండాలి. మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో 35 నుంచి ప్రతి ఐదేళ్లకు ఒక విభాగం ఉంటుంది. మన దగ్గర అంతమంది రారు కాబట్టి 45-54, 55-64, 65 పైన అని మూడు పెట్టినా చాలు. పేరు రాసేటప్పుడే పుట్టిన సంవత్సరం అడగాలి, ఆధార్ చూడాలి, నంబరు చీటీ మీద వయసు విభాగం వేరే రంగులో ఉండాలి. క్యూఆర్ కోడు ఒక్కటే పెడితే పెద్దావిడల్లో సగంమంది మిగిలిపోతారు. మహిళా సంఘాల దగ్గర, పట్టణాల్లో ఆ సంఘాలను చూసే మెప్మా ఆర్‌పీల (రిసోర్స్ పర్సన్ల) దగ్గర కాగితం ఫారాలు ఉంచితే వస్తారు. బయల్దేరేటప్పుడు కుర్రాళ్లు ముందు వంద మీటర్లు రేసు గుర్రాల్లా దూకుతారు. వాళ్ల కాళ్ల కింద పెద్దవాళ్లు పడటం జరుగుతుంది. పోటీగా పరుగెత్తేవాళ్లను ముందు వదిలి, ఐదు నిమిషాల తర్వాత మిగతావాళ్లను వదలండి. రెండో గుంపుకు గడియారం వేరే మొదలుపెట్టడం మరిచిపోవద్దు.

దూరం సరిగ్గా కొలవండి. మన పట్టణాల్లో 5కె అన్నది ఒకచోట నాలుగు కిలోమీటర్లకు దిగువన, మరోచోట ఆరు కిలోమీటర్లకు ఎగువన ఉంటుంది. ఐదు కోసం సాధన చేసిన మనిషికి ఆరో కిలోమీటరు చిన్న సంగతి కాదు. సెల్‌ఫోను యాప్ భవనాల మధ్య, మలుపుల దగ్గర తప్పు చూపిస్తుంది. మోటారుసైకిల్ మీటరు అంతకంటే నమ్మలేం. సైకిల్ చక్రంతో కొలిచే పద్ధతి సులువు. చక్రానికి రంగు గుడ్డ కట్టాలి. తిన్నని రోడ్డు మీద ఉక్కు టేపుతో 100 మీటర్లు గుర్తుపెట్టి, అదే మనిషి సైకిలెక్కి నాలుగుసార్లు తొక్కి చక్రం ఎన్నిసార్లు తిరిగిందో సరాసరి తీయాలి. 26 అంగుళాల చక్రమైతే 48 దగ్గర వస్తుంది, అంటే ఐదు కిలోమీటర్లకు సుమారు 2,400 చుట్లు. వేడికి టైరులో గాలి మారుతుంది కాబట్టి ఈ పనంతా ఒకే పూట చేయాలి. మలుపుల్లో పరుగెత్తేవాళ్లు తీసుకునే దగ్గరి దారినే, అంచుకు అడుగు దూరంలో తొక్కాలి. చివర్లో కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున ఐదు మీటర్లు కలపాలి, దూరం తగ్గకుండా ఉండేందుకు ప్రపంచమంతా పాటించే లెక్క అది. ప్రతి కిలోమీటరుకూ బోర్డు పెట్టండి. ఎంత వచ్చామో తెలిస్తేనే దమ్ము దాచుకోవచ్చు.

దారిలో నీళ్ల బల్ల రెండో కిలోమీటరు దగ్గర ఒకటి, నాలుగో కిలోమీటరు దగ్గర ఒకటి ఉంటే సరిపోతుంది. ప్లాస్టిక్ నీళ్ల ప్యాకెట్లు వద్దు. కొరికి పారేసిన ప్యాకెట్ మీద కాలుపెట్టి జారితే యాభై దాటిన మనిషికి మణికట్టో తుంటో విరుగుతుంది. సగం నింపిన కాగితపు కప్పులు, యాభై అడుగుల అవతల ఒక డ్రమ్ము, అంతే. స్పీడు బ్రేకర్లకు సున్నం గీతలు, మూతలేని మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి, కుక్కలు గుంపుగా తిరిగే గల్లీ దగ్గర ఇద్దరు ఉండాలి. డివైడరుకు ఒకే పక్కన పోయి అదే పక్కన తిరిగొచ్చే దారి అయితే రోడ్డు వాలు ఒకే కాలి మీద పడకుండా ఉంటుంది. ఇక అన్నిటికంటే అన్యాయం, నలభై ఐదు నిమిషాలకే ట్రాఫిక్ వదిలేయడం. కిలోమీటరుకు 15 నిమిషాల లెక్కన నడుస్తూ వచ్చేవాళ్లకు ఐదు కిలోమీటర్లకు 75 నిమిషాలు పడుతుంది. పోలీసు అనుమతి 90 నిమిషాలకు తీసుకోండి. చివరి మనిషి వెనక ఒక వలంటీరు, ఒక బండి రావాలి. ఆ చివరి మనిషి వచ్చేదాకా గడియారం ఆపొద్దు, ముగింపు గీత దగ్గరి గేటు పీకేయొద్దు, మెడల్, టిఫిను అయిపోయాయనొద్దు. ఫీజు అందరూ ఒకటే కట్టారు.

అంబులెన్సు స్టేజీ పక్కన కాదు, ఎక్కువమందికి కష్టం వచ్చే నాలుగో కిలోమీటరు వైపు ఉండాలి. గుండెపోటు ఆడవాళ్లలో ఎప్పుడూ ఎడమ ఛాతీ నొప్పిగానే రాదు. దవడ, వీపు లాగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, చల్లని చెమట, ఉన్నట్టుండి ఆయాసం కూడా దాని గుర్తులే. దాన్ని గ్యాస్ అని తీసేయొద్దు. మనిషి కూలిపోయి, పిలిస్తే పలక్కుండా, సరిగా ఊపిరి తీయకుండా ఉంటే 108కి ఫోను చేసి వెంటనే ఛాతీ మధ్యలో ఐదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఆడమనిషి ఛాతీ మీద చేయి వేయడానికి చుట్టూ ఉన్నవాళ్లు వెనకాడటం వల్ల ప్రాణాలు పోతాయి. నర్సింగ్ విద్యార్థినులను దారి పొడవునా నిలబెడితే ఆ సంకోచం ఉండదు.

గీత దాటగానే కుర్చీ వేసి కూర్చోబెట్టడం, వరుసలో నిలబెట్టి ఉపన్యాసాలు వినిపించడం రెండూ తప్పే. ఉన్నట్టుండి ఆగితే రక్తం కాళ్లలో నిలిచి బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. పది నిమిషాలు మెల్లగా నడవనివ్వాలి. తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ, ఉడికించిన గుడ్డో గుడాలో, పల్లీపట్టి. రెండు కాళ్లూ సమానంగా నొప్పి పెట్టి మూడు రోజుల్లో తగ్గితే అది కండరాల నొప్పి, నడకతో పోతుంది. ఎముక మీద ఒకేచోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, రోజురోజుకూ పెరిగేది, ఎముకలో సన్న పగులు కావొచ్చు. అప్పుడు పరుగు ఆపి ఎక్స్‌రే తీయించాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, నొప్పి తగ్గకుంటే రెండు వారాల తర్వాత మళ్లీ తీయించాలి. పొద్దున మంచం దిగగానే మడమలో పొడిచినట్టుంటే ఇంట్లో షాబాదు బండల మీద ఉత్త కాళ్లతో తిరగడం మానేసి మెత్తటి చెప్పులు వేసుకోవాలి, పిక్కలు సాగదీయాలి.

విరాళం లెక్క కూడా చెప్పాలి. రోగుల కోసం అని చెప్పి పెట్టిన పరుగులో ఎంత వసూలైంది, టీ షర్టులకు, ఫ్లెక్సీలకు, స్టేజీకి ఎంత పోయింది, రోగులకు ఎంత చేరింది, ఈ మూడు అంకెలు నెలలోపు బయటపెట్టాలి. చీర మీద వేసుకోలేని, భుజాలు వేలాడే మగవాళ్ల సైజు టీ షర్టు చాలామంది పెద్దావిడలకు అక్కరకే రాదు. టీ షర్టు వద్దన్నవాళ్ల దగ్గర కూడా అదే ఫీజు తీసుకొని, ఆ మిగులు విరాళానికి పోతుందని ఫారం మీద రాస్తే ఎంతోమంది సంతోషంగా వదులుకుంటారు.

చివరిగా మీ పత్రికకు ఒక విన్నపం. జిల్లా పేజీలో పరుగు వార్త అంటే జెండా ఊపుతున్న ఫొటో, వేదిక మీద ఉన్నవాళ్ల పేర్లే వస్తున్నాయి. ఈ సీజన్ నుంచి ప్రతి పరుగు ఫలితాల్లో మహిళల 45-54, 55-64, 65 పైన విభాగాల మొదటి ముగ్గురి పేర్లు, వాళ్లు తీసుకున్న సమయం వేయండి. నిర్వాహకులు ఆ వివరాలు పంపకపోతే "వయసు విభాగాలు పెట్టలేదు" అని ఆ వార్త కిందే ఒక వాక్యం రాయండి.

ఇట్లు,
పొద్దున పరుగుకు వచ్చే మహిళలం, వాళ్లకు సాధన చెప్పేవాళ్లం,
నల్లగొండ, మహబూబ్‌నగర్